పీక్ డిస్ట్రిక్ట్‌లో మూడు రాత్రులు: రోజుకొక లోయ చొప్పున చూసేందుకు సమగ్ర మార్గదర్శి

ఇంగ్లండ్ నడిమి భాగంలో, మాంచెస్టర్, షెఫీల్డ్, డార్బీ నగరాల మధ్య పరుచుకొని ఉన్న కొండసీమ పేరు పీక్ డిస్ట్రిక్ట్. బ్రిటన్‌లో మొట్టమొదటి జాతీయ ఉద్యానంగా దీనిని 1951 ఏప్రిల్‌లో ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 1,437 చదరపు కిలోమీటర్లు. బర్మింగ్‌హామ్, లెస్టర్, నాటింగ్‌హామ్, షెఫీల్డ్ వంటి చోట్ల ఉద్యోగాలు, చదువులు చేసుకుంటున్న తెలుగువారు ఇక్కడికి కారులో రెండు గంటల లోపే చేరుకోవచ్చు. అయినా ఎక్కువమంది పొద్దున బయలుదేరి, నాలుగైదు చోట్ల కారు దిగి, ఫొటోలు తీసుకొని, చీకటి పడేలోగా ఇంటికి తిరిగి వస్తారు. అలా చూస్తే ఇరుకు రోడ్లు, నిండిపోయిన పార్కింగ్ స్థలాలు తప్ప మరేమీ గుర్తుండవు. మూడు రాత్రులు ఒకే ఊళ్ళో బస చేసి, రోజుకు ఒకే ఒక్క లోయను ఎంచుకొని, దానిని కాలినడకన చూడమని నా సలహా. వేసవిలో స్వదేశం నుంచి వచ్చే తల్లిదండ్రులను, చిన్నపిల్లలను వెంట తీసుకువెళ్ళేవారిని ప్రధానంగా దృష్టిలో పెట్టుకొని ఈ క్రమాన్ని వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: నేల స్వభావాన్ని తెలుసుకోండి

పీక్ డిస్ట్రిక్ట్ నిజానికి రెండు వేర్వేరు సీమల కలయిక. దక్షిణాన, మధ్యభాగంలో సున్నపురాయి నేల ఉంటుంది; దీనిని వైట్ పీక్ అంటారు. ఇక్కడ పచ్చిక మైదానాలు, తెల్లటి రాతిగోడలు, లోతైన సన్నని లోయలు, గుహలు కనిపిస్తాయి. నీరు సున్నపురాయిని కరిగించుకుంటూ భూమిలోకి దిగిపోతుంది కాబట్టే ఇన్ని గుహలు ఏర్పడ్డాయి. కొన్ని చోట్ల వాగులు వేసవిలో పూర్తిగా కనుమరుగవుతాయి కూడా. ఉత్తరాన, తూర్పు, పడమర అంచుల్లో గరుకైన ఇసుకరాయి నేల ఉంటుంది. అది డార్క్ పీక్. అక్కడ చెట్లు తక్కువ, తడి నేల ఎక్కువ, గాలి బలంగా వీస్తుంది. అన్నిటికంటే ఎత్తయిన కిండర్ స్కౌట్ పీఠభూమి ఈ భాగంలోనే ఉంది; దాని ఎత్తు 636 మీటర్లు. మన తూర్పు కనుమలతో పోలిస్తే ఈ ఎత్తు చిన్నదే. కానీ పొగమంచు కమ్మినప్పుడు దిక్కు తెలియని ఆ పీఠభూమిని తేలికగా తీసుకోకూడదు.

ఈ తేడా తెలిస్తే ఎవరితో ఎక్కడికి వెళ్ళాలన్నది సులువుగా తేలిపోతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలతో, చంటిపిల్లల బండితో వెళ్ళేవారికి వైట్ పీక్‌లోని పాత రైలుదారులు అనుకూలం. కొండలెక్కే ఓపిక, తగిన బూట్లు ఉన్నవారు డార్క్ పీక్‌కు ఒక రోజు కేటాయించుకోవచ్చు.

రెండో మెట్టు: కాలాన్ని ఎంచుకోండి

నా దృష్టిలో మే నెల మధ్య నుంచి జూన్ చివరి వరకు ఉన్న కాలమే అన్నిటికంటే మేలు. పచ్చికలో గొర్రెపిల్లలు తిరుగుతుంటాయి, వెలుతురు రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉంటుంది, బడి సెలవుల రద్దీ ఇంకా మొదలుకాదు. అయితే మే నెలలో రెండు బ్యాంక్ సెలవులు (దేశమంతటికీ వర్తించే ప్రభుత్వ సెలవు దినాలు), నెల చివర ఒక వారం బడి సెలవులు వస్తాయి. ఆ రోజులను తప్పించండి. ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మొదటి వారం వరకు డార్క్ పీక్ కొండల మీద హెదర్ పొదలు విరగబూసి కనుచూపు మేర ఊదారంగు పరుచుకుంటుంది. ఆ ఒక్క దృశ్యం కోసం రద్దీని భరించినా తప్పులేదు. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, చాలా భవనాలు చలికాలంలో కొన్ని వారాల పాటు మూసి ఉంటాయి. అందువల్ల తొలిసారి వెళ్ళేవారికి ఆ కాలం తగదు.

తేదీలు ఖరారు చేసుకునే ముందు బావుల అలంకరణ ఏ ఊళ్ళో ఎప్పుడు జరుగుతుందో చూసుకోండి. డార్బీషైర్ పల్లెల్లో మే నుంచి సెప్టెంబరు దాకా, ఒక్కో వారం ఒక్కో ఊళ్ళో, చెక్క పలకలకు తడి బంకమట్టి పట్టించి, అందులో పూరేకులు, ఆకులు, నాచు, గింజలు ఒక్కొక్కటిగా గుచ్చి పెద్ద చిత్రాలు తయారుచేసి, ఊరి బావి దగ్గరో నీటి ఊట దగ్గరో నిలబెడతారు. నీటికి కృతజ్ఞత చెప్పుకొనే ఆచారం ఇది. టిసింగ్టన్ గ్రామంలో ఈస్టర్ తరువాత వచ్చే అసెన్షన్ పండుగ నాడు ఇది మొదలవుతుంది. బతుకమ్మను పేర్చిన చేతులకు ఈ పని వెనుక ఉన్న శ్రమ ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. పలకలు వారం రోజులకు మించి నిలవవు కనుక తేదీ ముఖ్యం.

మూడో మెట్టు: బస ఒకే చోట పెట్టుకోండి

ఇక్కడ అద్దెకిచ్చే కాటేజీలను సాధారణంగా శుక్రవారం నుంచి సోమవారం వరకు మూడు రాత్రులకు గాని, సోమవారం నుంచి శుక్రవారం వరకు నాలుగు రాత్రులకు గాని ఇస్తారు. వారం మధ్యలోని నాలుగు రాత్రుల అద్దె తరచుగా వారాంతపు మూడు రాత్రుల అద్దెకు దగ్గరగానో, తక్కువగానో ఉంటుంది. సెలవు దొరికేవారు సోమవారం బయలుదేరడమే తెలివైన పని. అప్పుడు పార్కింగ్ బాధ కూడా సగం తగ్గుతుంది.

పెద్దలున్న కుటుంబానికి హోటల్ కంటే వంటగది ఉన్న కాటేజీ మేలని గట్టిగా చెబుతాను. పొద్దున ఉప్మా తిని, ఫ్లాస్కులో కాఫీ పోసుకొని, పులిహోర డబ్బాలో సర్దుకొని బయలుదేరితే రోజంతా తిండి గురించి వెతుక్కోనక్కరలేదు. బుక్ చేసేటప్పుడు మూడు విషయాలు అడిగి తెలుసుకోండి: పడకగది, స్నానాల గది కింది అంతస్తులో ఉన్నాయా, మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయి, కారు ఇంటి ముందే ఆపవచ్చా. పాత రాతి ఇళ్ళలో మెట్లు ఇరుగ్గా, దూలాలు తలకు తగిలేంత కిందుగా ఉంటాయి. వంటింట్లో పొగ తగిలితే మోగే హెచ్చరిక గంట ఉంటుంది కాబట్టి తాలింపు వేసే ముందు కిటికీ తెరిచి ఫ్యాన్ వేసుకోవాలి.

ఊరి విషయానికి వస్తే, పెద్దలతో వచ్చేవారికి బేక్‌వెల్‌ను సూచిస్తాను. దుకాణాలు, బస్సులు, నది ఒడ్డున చదునైన నడకదారి అన్నీ అక్కడ ఉన్నాయి. మిగిలిన లోయలకు అది మధ్యలో ఉంటుంది. కారు లేని విద్యార్థులకు హోప్ లోయలోను, దాని పక్కన ఉన్న ఈడేల్, కాసిల్టన్, హాథర్‌సేజ్ ఊళ్ళు అనుకూలం. ఈ పరిసరాల్లో యూత్ హాస్టళ్ళు ఉన్నాయి; స్వయంగా వండుకునే వీలు ఉందో లేదో ముందే అడిగి తెలుసుకోండి.

నాలుగో మెట్టు: ప్రయాణం

షెఫీల్డ్, మాంచెస్టర్ నగరాలను కలిపే హోప్ లోయ రైలు మార్గం ఈ ప్రాంతానికి దొరికిన వరం. 1894లో మొదలైన ఈ మార్గంలో గ్రిండిల్‌ఫర్డ్, హాథర్‌సేజ్, బామ్‌ఫర్డ్, హోప్, ఈడేల్ స్టేషన్లలో ఎక్కడ దిగినా నేరుగా నడకదారి మీదికి వెళ్ళవచ్చు. షెఫీల్డ్ నుంచి వచ్చే రైలు ఐదున్నర కిలోమీటర్లకు పైగా పొడవున్న టాట్లీ సొరంగంలోంచి ఒక్కసారిగా లోయలోకి వస్తుంది. పిల్లలను కిటికీ పక్కన కూర్చోబెట్టండి. దక్షిణం వైపు డార్బీ నుంచి మాట్‌లాక్ వరకు మరో చిన్న రైలు మార్గం ఉంది. మూడో రోజు చూడబోయే క్రామ్‌ఫర్డ్ దాని మీదే ఉంది. కుటుంబంగా వెళ్ళేవారు ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డు తీసుకుంటే పెద్దల టికెట్లపై మూడో వంతు, పిల్లల టికెట్లపై 60 శాతం తగ్గింపు లభిస్తుంది.

పల్లె బస్సుల వేళలు వారపు రోజుల్లో ఒకలా, ఆదివారాల్లో మరోలా ఉంటాయి, రుతువును బట్టి మారుతాయి. బయలుదేరే వారంలోనే వేళలు చూసుకొని, సాయంత్రపు ఆఖరి బస్సు సమయాన్ని కాగితం మీద రాసుకోండి. లోయల్లో ఫోన్ సంకేతం తరచుగా అందదు.

కారులో వచ్చేవారికి ఒకే సూత్రం: ఉదయం తొమ్మిదిన్నర లోపు మొదటి పార్కింగ్‌కు చేరాలి. నేషనల్ ట్రస్ట్ సభ్యులకు ఆ సంస్థ పార్కింగ్ స్థలాల్లో రుసుము ఉండదు. ఏడాదిలో ఇలాంటి ప్రయాణాలు రెండు మూడు చేసేవారికి సభ్యత్వం గిట్టుబాటవుతుంది. బర్మింగ్‌హామ్ వైపు నుంచి వచ్చే కుటుంబాలు బయలుదేరిన రోజే టివిడేల్‌లోని శ్రీ వేంకటేశ్వర బాలాజీ ఆలయంలో దర్శనం చేసుకొని రావచ్చు. 2006లో కుంభాభిషేకం జరిగిన ఈ ఆలయాన్ని తిరుమల ఆలయాన్ని ఆదర్శంగా తీసుకొని కట్టారు. పెద్దలకు ఆ తృప్తి దక్కితే మిగిలిన ప్రయాణం హాయిగా సాగుతుంది.

మొదటి రోజు: హోప్ లోయ

కాళ్ళలో ఓపిక ఉన్న రోజున కొండెక్కడం మంచిది కనుక దీనిని మొదట పెట్టాను. మామ్ టార్ శిఖరం ఎత్తు 517 మీటర్లు. కిందనున్న నేషనల్ ట్రస్ట్ పార్కింగ్ నుంచి శిఖరం దాకా రాతిపలకలు పరిచిన మెట్లదారి ఉంది. మామూలుగా నడిచేవారు అరగంటలో చేరుకోగలరు. పైన ప్రాచీన కోట మట్టికట్టల ఆనవాళ్ళు కనిపిస్తాయి. ఒక పక్కన ఈడేల్ లోయ, మరో పక్కన హోప్ లోయ, నడుమ సన్నని శిఖరరేఖ మీద సాగే దారి. ఓపిక ఉన్నవారు ఆ దారి వెంట హాలిన్స్ క్రాస్ దాకా నడిచి కాసిల్టన్‌లోకి దిగవచ్చు.

దిగాక తప్పక చూడవలసినది విరిగిపోయిన రోడ్డు. మామ్ టార్ కొండ మెత్తని పలకరాయి, ఇసుకరాయి పొరలతో ఏర్పడింది. వాననీరు ఇంకినప్పుడల్లా ఆ పొరలు జారుతాయి. ఈ జారే నేల మీదుగా వేసిన రోడ్డును పదే పదే బాగుచేసి, చివరికి 1979లో శాశ్వతంగా మూసివేశారు. ఈ రోజు దాని మీద నడుస్తూ వెళ్తే, ఏళ్ళ తరబడి వేసిన తారు పొరలు ఒకదాని మీద ఒకటి విరిగి నిలబడి కనిపిస్తాయి. పిల్లలకు భూగర్భశాస్త్రం నేర్పడానికి దీనికి మించిన చోటు నాకు తెలియదు, పైగా రుసుము లేదు.

కాసిల్టన్ చుట్టూ సందర్శకుల కోసం తెరిచిన గుహలు నాలుగు ఉన్నాయి. వాటిలో ఒక్కటి చూస్తే చాలు. పీక్ కావెర్న్ ముఖద్వారం చాలా విశాలమైనది; ఆ ద్వారం కిందనే తరతరాలుగా తాళ్ళు పేనే కుటుంబాలు పనిచేశాయి. స్పీడ్‌వెల్‌లో పాత సీసపు గని సొరంగం గుండా పడవలో తీసుకువెళతారు, కానీ నిటారుగా వంద మెట్లకు పైగా దిగి ఎక్కాలి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు దాని జోలికి పోవద్దు. ట్రీక్ క్లిఫ్, బ్లూ జాన్ గుహల్లో ఊదా, పసుపు చారలున్న బ్లూ జాన్ రాయి దొరుకుతుంది. ఈ కొండ తప్ప మరెక్కడా దొరకని రాయి అది.

బలమైన నడక కోరుకునే యువకులు ఈడేల్ నుంచి కిండర్ స్కౌట్ ఎక్కవచ్చు. ఎక్కే ముందు ఆ కొండ చరిత్ర తెలుసుకోవాలి. ఒకప్పుడు ఈ బయళ్ళన్నీ భూస్వాముల వేట మైదానాలు. సామాన్యులు అడుగుపెట్టడం నిషేధం. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్, షెఫీల్డ్ కార్మిక యువకులు వందలాదిగా ఈ కొండ మీదికి నడిచి ఆ నిషేధాన్ని ధిక్కరించారు. నాయకత్వం వహించిన వారిలో బెన్నీ రాత్‌మన్ ఒకరు. ఆయనతో సహా ఐదుగురికి జైలు శిక్ష పడింది. జాతీయ ఉద్యానాల చట్టానికి, 2000లో వచ్చిన స్వేచ్ఛాసంచార చట్టానికి దారితీసిన పోరాటంలో అది ఒక మైలురాయి. ఈడేల్ నుంచి స్కాట్లండ్ సరిహద్దు దాకా సుమారు 430 కిలోమీటర్లు సాగే పెనైన్ వే కాలిదారిని 1965లో అదే ఏప్రిల్ 24న ప్రారంభించారు.

రెండో రోజు: వై నది, చాట్స్‌వర్త్

ఈ రోజు పెద్దల కోసం. బేక్‌వెల్ దగ్గర మొదలయ్యే మాన్సల్ ట్రెయిల్ 1968లో మూతపడిన రైలుమార్గం మీద వేసిన దారి. పొడవు సుమారు 14 కిలోమీటర్లు. రైలు కోసం వేసిన దారి కావడంతో ఎత్తుపల్లాలు లేవు. చక్రాల కుర్చీ, పిల్లల బండి సులువుగా సాగుతాయి. పాత హాసప్ స్టేషన్ దగ్గర సైకిళ్ళు అద్దెకు దొరుకుతాయి. 2011లో సొరంగాలను తెరిచి దీపాలు పెట్టారు. వాటి లోపల వేసవిలో కూడా చల్లగా ఉంటుంది కనుక శాలువా వెంట ఉంచుకోండి. హాసప్ నుంచి హెడ్‌స్టోన్ సొరంగం దాటి, వై నది మీది ఎత్తయిన రాతి వంతెన దాకా వెళ్ళి వెనుదిరిగితే ఒక పూట సరిపోతుంది. నడవలేనివారిని కారులో మాన్సల్ హెడ్ దగ్గర దింపితే అదే వంతెన పై నుంచి కనిపిస్తుంది.

మధ్యాహ్నం చాట్స్‌వర్త్ భవనానికి వెళ్ళండి. డెవన్‌షైర్ డ్యూకులైన కావెండిష్ వంశీయుల నివాసం ఇది. టికెట్లు ముందే కొనుక్కోవాలి. సమయం తక్కువగా ఉంటే భవనాన్ని వదిలి తోటను చూడమంటాను. ఆ తోట వెనుక జోసెఫ్ పాక్స్‌టన్ అనే తోటమాలి ప్రతిభ ఉంది. రష్యా చక్రవర్తి రాక కోసం 1844లో ఆయన ఎంపరర్ ఫౌంటెన్‌ను కొండ మీది చెరువు నీటి ఒత్తిడితోనే ఎగిసేలా నిర్మించాడు. చక్రవర్తి మాత్రం రాలేదు. తరువాత 1851లో లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్‌ను రూపొందించినది కూడా ఈయనే.

తెలుగు రైతు కుటుంబాల నుంచి వచ్చినవారికి ఇక్కడ మరొక విశేషం ఉంది. 1830లలో పాక్స్‌టన్ ఈ తోట గాజు ఇళ్ళలో ఒక పొట్టి రకం అరటిని పెంచి, గెల వేయించి, తన యజమాని వంశం పేరు దానికి పెట్టాడు. అదే కావెండిష్ అరటి. ఈ రోజు పులివెందుల, అనంతపురం ప్రాంతాల్లో డ్రిప్పు కింద సాగుచేసి ఎగుమతి చేస్తున్న జి-9 రకం ఆ కావెండిష్ తెగకే చెందుతుంది.

తోటకు టికెట్ వద్దనుకునేవారు నది ఒడ్డున పార్కులో ఉచితంగా నడవవచ్చు. జింకల మందలు, రాతి వంతెన, వాటి వెనుక భవనం అక్కడి నుంచే బాగా కనిపిస్తాయి.

మూడో రోజు: డెర్వెంట్ లోయ, క్రామ్‌ఫర్డ్

ఈ ప్రయాణంలో ఒక్క చోటు మాత్రమే చూడగలరంటే నేను క్రామ్‌ఫర్డ్‌నే ఎంచుకోమంటాను. రిచర్డ్ ఆర్క్‌రైట్ 1771లో ఇక్కడ నీటి చక్రంతో నడిచే నూలుమిల్లును మొదలుపెట్టాడు. సీసపు గనుల నుంచి బయటికి పారే నీరు చలికాలంలోనూ గడ్డకట్టదు. యంత్రం ఏడాది పొడవునా తిరగాలంటే అటువంటి నీరు కావాలి. ఇక్కడ పనివాళ్ళు పగలూ రాత్రీ పన్నెండేసి గంటల వంతుల్లో పనిచేశారు, వారిలో పిల్లలు చాలామంది. వారి కోసం 1776లో కట్టిన నార్త్ స్ట్రీట్ ఇళ్ళు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఈ లోయలోని మిల్లులను 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ గోడల మధ్య నిలబడినప్పుడు మచిలీపట్నాన్ని తలచుకోవాలి. 1611లో ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తక స్థావరం పెట్టినది మన అద్దకపు బట్టల కోసమే. కోరమాండల్ తీరపు కలంకారీ బట్టలను ఇంగ్లండ్ ప్రజలు ఎంతగా ఇష్టపడ్డారంటే, తమ ఉన్ని, పట్టు నేతగాళ్ళను కాపాడుకోవడానికి అద్దకపు నూలు బట్టలు ధరించడాన్ని నిషేధిస్తూ 1721లో పార్లమెంటు చట్టం చేయవలసి వచ్చింది. తమ మిల్లు బట్టకు ఆ నిషేధం అడ్డుగా ఉందని ఆర్క్‌రైట్ వర్గం విన్నవించుకోగా 1774లో బ్రిటిష్ నూలు బట్టకు సడలింపు ఇచ్చారు. తరువాతి కాలంలో ఇటువంటి మిల్లుల నూలు, బట్ట మన ఊళ్ళకే వచ్చి మగ్గాలను మూలపడేశాయి. నేత కుటుంబాల తెలుగువారు తమ పిల్లలను ఇక్కడికి తప్పక తీసుకురావాలి. ఆ కథ రెండో సగాన్ని పిల్లలకు ఇంటి పెద్దలే చెప్పాలి.

మిల్లు ఎదురుగా కాలువ ఒడ్డు దారి చదునుగా ఉంటుంది. దాని వెంట హై పీక్ జంక్షన్ దాకా నడవవచ్చు. పక్కనే మాట్‌లాక్ బాత్‌లో లోయ మీదుగా కొండపైకి వెళ్ళే తీగమార్గం పిల్లలకు నచ్చుతుంది. తిరుగు ప్రయాణంలో డార్బీ దగ్గరి కెడిల్‌స్టన్ హాల్‌ను చూడవచ్చు. 1899 నుంచి 1905 వరకు వైస్రాయ్‌గా ఉన్న కర్జన్ పుట్టిన ఇల్లు ఇదే. కలకత్తాలోని ప్రభుత్వ భవనాన్ని దీని నమూనాలోనే కట్టారు.

వాన పడితే

వాన పడుతుందనే అనుకోండి. మొదటి రోజు వాన వస్తే కొండను మరునాటికి మార్చి బక్స్‌టన్ వెళ్ళండి. అక్కడ సుమారు 27 డిగ్రీల వెచ్చదనంతో భూమిలోంచి ఉబికే ఊట నీటిని సెయింట్ ఆన్స్ వెల్ దగ్గర ఎవరైనా సీసాలో పట్టుకోవచ్చు. వానలోనూ చూడదగ్గ మరొక ఊరు ఈమ్. 1665లో లండన్ నుంచి వచ్చిన బట్టల మూటతో ఇక్కడికి ప్లేగు చేరిందని చెబుతారు. మతగురువు విలియం మాంపెసన్ మాట మీద ఊరివాళ్ళు వ్యాధి చుట్టుపక్కలకు పాకకుండా తమను తామే కట్టడి చేసుకున్నారు. పొలిమేర రాతి గుంటల్లో వెనిగర్ పోసి, అందులో నాణేలు ఉంచి, బయటివారు తెచ్చిపెట్టిన సరుకులు తీసుకునేవారు. ఆ రాయి నేటికీ ఉంది. ఇళ్ళ ముందు పలకల మీద అక్కడ చనిపోయినవారి పేర్లు ఉంటాయి; నెమ్మదిగా, గౌరవంగా చదువుతూ నడవండి.

తిండి

పల్లె పబ్బుల వంటిళ్ళు రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా మూసేస్తారు. ఆదివారం మధ్యాహ్న భోజనానికి ముందే చెప్పి ఉంచుకోవాలి. శాకాహారులకు దొరికేవి తక్కువ. డార్బీషైర్ ఓట్‌కేక్ మాత్రం అడిగి తినండి: ఓట్ పిండిని ఈస్ట్‌తో పులియబెట్టి పెనం మీద మెత్తగా పోస్తారు, మన అట్టు లాగే. బేక్‌వెల్ పుడ్డింగ్‌లో గుడ్డు ఉంటుందని ముందే తెలుసుకోండి.

చివరి మెట్టు: కొండ మీద పాటించవలసినవి

నీరు చొరని పైకోటు, పట్టున్న బూట్లు, ఒక అదనపు స్వెట్టర్ జూన్‌లోనూ అవసరమే. చీర కట్టుకొని మాన్సల్ ట్రెయిల్ నడవవచ్చు గాని మామ్ టార్ మీది గాలికి అది తగదు. ఫోన్ పటాన్ని నమ్ముకోకుండా ఆర్డ్‌నెన్స్ సర్వే కాగితపు పటాలు కొనండి. ఓఎల్1 డార్క్ పీక్‌కు, ఓఎల్24 వైట్ పీక్‌కు. గడ్డిలో నడిచాక కాళ్ళకు పిడుదులు పట్టాయేమో చూసుకోండి. వాటి వల్ల లైమ్ వ్యాధి రావచ్చు. మీరు తెరిచిన ప్రతి గేటునూ మూయండి. దూడలున్న ఆవుల మంద ఎదురైతే మధ్యలోంచి వెళ్ళక దూరంగా చుట్టి వెళ్ళండి. మన ఊరి ఆవుల్లా ఇవి మనుషులకు మాలిమి కావు. బయళ్ళలో పొయ్యి వెలిగించకండి. ఎండిన పీట్ నేల (కుళ్ళిన మొక్కల పొరలతో ఏర్పడిన నేల) అంటుకుంటే రోజుల తరబడి లోపల కాలుతూనే ఉంటుంది.

కొండ మీద ఎవరైనా గాయపడితే 999కు ఫోన్ చేసి, మొదట పోలీసులను, వారి ద్వారా మౌంటెన్ రెస్క్యూను అడగాలి. వచ్చేవారంతా స్వచ్ఛంద సేవకులు, రుసుము తీసుకోరు. స్వదేశం నుంచి వచ్చిన పెద్దల మందుల చీటీ, ప్రయాణ బీమా పత్రం కారులో వదలకుండా నడిచేవారి సంచిలోనే ఉంచండి.